పోస్నెట్ దొరగారు - కూలి, అప్పు, విడుదల

1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠించబడిన మెదక్ మహాదేవాలయమునకు 2024 క్రిస్మసుతో నూరేండ్లు నిండినవి. 175 అడుగుల గోపురము, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుగల మందిరము, ఐదువేలమంది కూడి ఆరాధించగల స్థలము, రంగుటద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము - వీటిని గూర్చి వ్రాయనివారు లేరు. ఆ మందిరమును కట్టించిన రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పేరు మన అధ్యక్ష మండలములో చిన్నపిల్లలకు సైతము తెలుసు.

అయితే గోపురమును చూచే కన్ను దానికి రాళ్ళు మోసిన చేతులను అంతగా చూడదు. ఆ చేతులు ఎవరివి? వారిని పేదరికములో కట్టివేసిన త్రాళ్ళు ఏవి? వాటిలో వేటిని పోస్నెట్ దొరగారు విప్పగలిగినారు, వేటిని విప్పలేకపోయినారు? ఈ ప్రశ్నలను దగ్గర పెట్టుకొని వారి జీవితమును ఈ సంచిక చదువరులకు చెప్పదలచినాము. గొప్పవారిని పొగడుట సులభము. వారు ఎక్కడ ఆగినారో చూచి అక్కడినుండి నడుచుట కష్టము. కాని అదే వారికి మనము చేయగల నిజమైన మర్యాద అని మేము తలంచుచున్నాము.

మెదక్ చేరిన యువకుడు

నైజాము రాష్ట్రములో వెస్లియన్ మెథడిస్టు మిషను పని 1879లో రెవరెండ్ విలియం బర్జెస్ గారితో ఆరంభమైనది. సికింద్రాబాదు మొదలుకొని మెతుకుసీమ, కరీంనగరు ప్రాంతముల వరకు ఆ పని విస్తరించినది. మా సిద్దిపేట కూడా ఆ మిషను పనిచేసిన స్థలములలో ఒకటి. పోస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదు చేరి, మొదట తిరుమలగిరిలో బ్రిటిషు సైనికుల మధ్య పరిచర్య చేసినారు. అక్కడే ఉండిపోయినట్లయితే సుఖముగానే కాలము గడిచేది. కాని వారి మనస్సు పల్లెల వైపు తిరిగినది. 1896లో మెదక్ వచ్చినారు. సికింద్రాబాదునుండి మెదక్ 60 మైళ్ళు. ఆ దూరమును వారు గుర్రము మీద పోయెడివారు. ఆనాటికి మెదక్‌లో ఆరాధనకు ఉన్నది ఒక చిన్న గడ్డి ఇల్లు. విశ్వాసులు రెండువందలమంది కూడా లేరు.

ఆ కొద్దిమందిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవారు. సువార్త వినుటకు వచ్చినవారి కాళ్ళకు ఇనుప గొలుసులు లేవు. అయినను వారు స్వతంత్రులు కారు. ఆ కట్టు ఎట్టిదో తెలియకుండ పోస్నెట్ దొరగారి పని విలువ తెలియదు. కనుక ఆనాటి పల్లె లెక్కను కొంచెము విప్పి చూతము.

పల్లెలోని లెక్క

పేదవాడు పనిచేయడు కనుక పేదవాడైనాడని చెప్పుట లోకములో చాల పాత మాట. నైజాము పల్లెలో అది పూర్తిగా తలక్రిందుల మాట. అందరికన్న ఎక్కువ పనిచేసినవాడే అందరికన్న పేదవాడు. కారణమేమనగా, అతని కష్టములో ఎవరి కంటికీ కనబడని ఖర్చులు ఎన్నో ఉండినవి.

మొదటిది వెట్టి. దేశముఖు ఇంటికి, పటేలు పట్వారీలకు, వచ్చిపోయే అధికారులకు కూలి లేకుండ పనిచేయవలెను. మూటలు మోయవలెను, కట్టెలు కొట్టవలెను, కబురు తీసుకొని ఊరూరు తిరుగవలెను. పోయినది ఒక్కనాటి కూలియే కదా అని తోచవచ్చును. కాని వాన పడిన మరునాడే వెట్టికి పిలుపు వచ్చినట్లయితే, వాని చెలకలో విత్తనము వారము ఆలస్యమగును. పంట తగ్గును. తగ్గిన పంటకు బదులు అప్పు చేయవలెను. ఆ ఖర్చు ఏ పుస్తకములోను వ్రాయబడలేదు.

రెండవది నాగు. వానకాలములో తిండి గింజలు అప్పు తెచ్చుకొంటే పంటకు ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇయ్యవలెను. నాలుగు తూములు తెచ్చినవాడు ఆరు తూములు ఇయ్యవలెను. ఆ యేడు ఇయ్యలేకపోతే మరుసటి యేటికి తొమ్మిది తూములు. మూడవ యేటికి పదమూడున్నర తూములు. వాడు తిన్నది నాలుగు తూములే. పైగా ఇచ్చేటప్పుడు ఒక కొలత, పుచ్చుకొనేటప్పుడు మరియొక కొలత వాడే షావుకార్లు ఉండినారు.

మూడవది కాగితము. నైజాము కచేరీలలో భాష ఉర్దూ. వాడకు తెలిసినది తెలుగు మాట, అదియు నోటిమాటయే. తన భూమిని గూర్చి, తన అప్పును గూర్చి ఏమి వ్రాసినారో తెలియకుండ వ్రేలిముద్ర వేయవలెను. న్యాయము కావలెనంటే తాలూకా కచేరీకి నడిచిపోవలెను. అర్జీ వ్రాసేవానికి రుసుము, బంట్రోతుకు మామూలు, దారిఖర్చు, పోయిన దినముల కూలి - ఇన్ని పెట్టి గెలిచేదానికన్న ఊరకుండుటయే లాభమని తోచేది. న్యాయస్థానము తలుపు తెరిచియే ఉండినది. కాని గడప దాటుటకు కావలసిన పైకము పేదవాని వద్ద లేదు.

ఈ మూడును కలిసి చివరకు తెచ్చి విడిచేది జీతములో. పెండ్లికో, చావుకో, కరవులో గింజలకో అప్పు తీసుకొని, అది తీరేవరకు ఆసామి ఇంట పనిచేసే కట్టుబాటునే భగేలా అనెడివారు. చేసిన పని వడ్డీకే సరిపోయేది. అసలు అట్లే నిలిచేది. తండ్రి ముసలివాడైతే కుమారుడు ఆ స్థానములో నిలిచేవాడు. పుట్టకముందే అప్పుపడిన బిడ్డలు మన పల్లెలలో ఉండినారు.

దొరగారి పని

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. వాడవారు ఆసామిని దొర అనేవారు, పోస్నెట్ గారినీ దొర అనేవారు. ఒక దొర వద్దకు పోతే అప్పు పెరిగేది. మరియొక దొర వద్దకు పోతే ఏమి దొరికినది?

మొదట వైద్యము దొరికినది. మెదక్‌లో మిషను స్త్రీలు ఆసుపత్రి పని నడిపినారు. పేదవానికి మందు ఖరీదుకన్న మందు వరకు పోవుటకు అయ్యే ఖరీదు ఎక్కువ. రోగిని మోసేందుకు ఇద్దరు మనుష్యులు, వారి కూలి, దారిలో తిండి - ఇవన్నీ లెక్కించి చివరకు రోగిని ఇంటనే ఉంచేవారు. ఆసుపత్రి దగ్గరకు వచ్చుటవలన తగ్గినది ఈ ఖర్చే. ఇదే మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ గారు నిజామాబాదు ప్రాంతములో కుష్ఠరోగుల కొరకు పనిచేసినారు. రాజా నర్సాగౌడ్ గారి దాతృత్వముతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రి ఆరంభమైనది. రోగము వచ్చినందుకు ఇల్లు, ఊరు, పని అన్నీ పోగొట్టుకొనేవారికి అది నీడ.

రెండవది చదువు. పాఠశాలలో ఫీజు లేకపోయినను పేద తండ్రికి చదువు ఉచితము కాదు. పశువులు కాచే పిల్లవానిని బడికి పంపితే వాని పూట తిండి పోవును, కొన్నిచోట్ల వాని పేరిట తెచ్చిన అప్పు కూడా అడుగుదురు. కనుకనే మిషను బోర్డింగు పాఠశాలలు పేదవారికి అంతగా అక్కరకు వచ్చినవి. అక్కడ పలకతోపాటు అన్నము కూడా ఉండినది. చదువుకొన్న ఆ పిల్లలలో కొందరు ఉపదేశకులుగా, ఉపాధ్యాయులుగా తిరిగి పల్లెలకు పోయినారు. వాడలో చదువ వచ్చినవాడు ఒక్కడు ఉన్నను, వ్రేలిముద్రకు ముందు కాగితములో ఏమున్నదో అడుగగలడు. సువార్తికుని చేతిలోని అక్షరము ఈ విధముగా వాడకంతటికి కాపుదల అయినది.

కరవు - కూలి

మహాదేవాలయ నిర్మాణము 1914లో ఆరంభమైనది. అదే సంవత్సరము ఐరోపాలో మహాయుద్ధము మొదలైనది. ధరలు పెరిగినవి. 1918లో వానలు తప్పినవి. ఆ యేడే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము దేశమంతట వ్యాపించినది. మెదక్ ప్రాంతమున తిండికి కరవు వచ్చినది.

పోస్నెట్ దొరగారికి అప్పుడు రెండు దారులు ఉండినవి. గంజి పోసి పంపవచ్చును, లేదా పని కల్పించి కూలి ఇయ్యవచ్చును. వారు రెండవ దారిని ఎన్నుకొన్నారు. రాళ్ళు కొట్టేవారు, మోసేవారు, సున్నము కలిపేవారు, మట్టి తవ్వేవారు - స్త్రీలు పురుషులు ఎందరో ఆ పనిలో కడుపు నింపుకొన్నారు. పదేండ్లు ఆ పని సాగినది.

దీనిని మేము కేవలము దానధర్మముగా చూచుట లేదు. వెట్టి చేసిన చేతికి కూలి దొరికినది. ఇది పల్లె ఎరుగని సంగతి. చేసిన పనికి ఫలము ఇయ్యవలెనన్న నియమము మొదటిసారిగా వారి కండ్లముందు నిలిచినది. పైగా కరవులో చేసిన అప్పే తరతరముల జీతమునకు మూలము గనుక, కరవునాడు దొరికిన కూలి ఎన్నో ఇండ్లను ఆ గుంటలో పడకుండ ఆపియుండునని తలంచుట న్యాయమే.

అయితే మరియొక ప్రశ్నను దాచకూడదు. ఆకలితో ఉన్న ప్రజల మధ్య అంత గొప్ప మందిరము అవసరమా అని అడిగేవారు నేటికీ కలరు. ఆ ధనముతో భూములు కొని పంచవచ్చును కదా, బావులు తవ్వించవచ్చును కదా అని వారి తలంపు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి మేము చెప్పగలిగినది ఇంతే. ఊరి గుడి లోపలికి రానీయక వెలుపల నిలుపబడినవారు, ప్రాంతములోనే ఎత్తయిన కట్టడములోనికి తల ఎత్తుకొని నడిచినారు. అది తాము కట్టినది, తమది. మనుష్యునికి గౌరవము కూడా ఆహారమే. కాని గౌరవము దొరికినంత మాత్రమున అప్పు తీరదు.

తీరని పత్రము

ఇక్కడే ఈ జీవితచరిత్రలోని బాధ ఉన్నది. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ జరిగినది. ఆరాధన ముగిసి ప్రజలు పల్లెలకు తిరిగిపోయినారు. పల్లెలో ఆసామి ఇంటి పెట్టెలో అప్పు పత్రము అట్లే ఉండినది. మందిరము పని ఉన్నంతకాలము దొరికిన కూలి, పని ముగిసిన తరువాత లేదు. భూమి వారిది కాదు. ధర నిర్ణయించేది వారు కారు. వెట్టి పిలుపు ఆగలేదు.

దీనికి పోస్నెట్ దొరగారిని నిందించుట మా ఉద్దేశము కాదు. మిషను నైజాము రాజ్యములో ఆ ప్రభుత్వపు అనుమతితో పనిచేసే సంస్థ. దేశముఖుల, జాగీర్దార్ల హక్కులను మార్చే అధికారము దానికి లేదు. వారు ఒక్కొక్క మనుష్యుని చేయి పట్టుకొని పైకి లాగినారు. కాని మనుష్యులను క్రిందికి త్రోసే యంత్రము మరియొక ప్రక్కన తిరుగుచునే ఉండినది.

ఆ యంత్రమును ఆపుటకు వేరేవారు పాటుపడినారు. మాడపాటి హనుమంతరావు గారు, వారితోటి ఆంధ్రోద్యమ నాయకులు వెట్టికి విరోధముగా వ్రాసినారు. 1930లో మన మెతుకుసీమలోని జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు ఆదిహిందువుల కొరకు పాఠశాలలు పెట్టి, త్రాగుడు, జోగిని ఆచారములతో పోరాడినారు. నైజాము ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందములపై ఒక శాసనము చేసినది. అది పల్లెలలో అమలైనది బహు తక్కువ. పోస్నెట్ దొరగారు 1939లో, నలుబది సంవత్సరములకు పైబడిన సేవ ముగించుకొని భారతదేశమును విడిచి వెళ్ళినారు. అప్పటికి పత్రములు పెట్టెలలోనే ఉండినవి.

తరువాత కాలము వేగముగా కదిలినది. 1946 మొదలుకొని 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటములో ఎన్నో పల్లెలలో వెట్టి కూలిపోయినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, మెదక్ ఒక అధ్యక్ష మండలమై, రెవరెండ్ ఫ్రాంక్ విటేకరు గారు మొదటి బిషప్పు అయినారు. 1948 సెప్టెంబరులో నైజాము పాలన ముగిసినది. మరుసటి యేడు జాగీర్లు రద్దయినవి. అయినను అప్పు జీతము పోలేదు. 1975 అక్టోబరులో ఇందిరాగాంధీ గారి ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, 1976లో దానిని వెట్టిచాకిరి నిర్మూలన చట్టముగా చేసినది. ఆ చట్టముతో జీతగాని అప్పు రద్దయినది. 1978లో విడుదల పొందినవారికి 4,000 రూపాయల వరకు సహాయమిచ్చే పథకము వచ్చినది. ఆ ఇందిరాగాంధీ గారే 1980లో మన మెదక్ నుండి పార్లమెంటుకు ఎన్నికైనారు. లెక్క చూడండి. మహాదేవాలయ ప్రతిష్ఠకును, జీతగాని అప్పు చట్టప్రకారము చెల్లిపోవుటకును మధ్య 51 సంవత్సరములు గడిచినవి.

నెహెమ్యా చేసిన రెండు పనులు

ఇట్టి సమయములో మాకు నెహెమ్యా గ్రంథము ఐదవ అధ్యాయము జ్ఞాపకము వచ్చును. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించుచుండగా, రాళ్ళు మోసే జనులే వచ్చి మొర పెట్టినారు. కరవులో పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టినామని, పన్ను కట్టుటకు అప్పు చేసినామని, బిడ్డలు దాసులగుచున్నారని చెప్పినారు. అప్పిచ్చినవారు పరదేశులు కారు, తమ సహోదరులే. నెహెమ్యా గోడపని ముందు ముగియనిమ్మని చెప్పలేదు. ప్రధానులను, అధికారులను సభగా పిలిచి, పొలములను తిరిగి ఇప్పించి, వడ్డీని విడిపించి, యాజకుల ఎదుట ప్రమాణము చేయించినాడు. అంతేకాదు, అధిపతిగా తనకు రావలసిన భత్యమును కూడా తీసుకొనలేదు.

కట్టుట ఒక పని. కట్టేవానిని విడిపించుట మరియొక పని. రెండును దేవుని పనులే. పోస్నెట్ దొరగారు మొదటి పనిని సంపూర్ణముగా చేసి, రెండవ పనికి మార్గము వేసిపోయినారు. రెండవది మన పాలిట పడినది.

నేటి లెక్క

వెట్టి లేదు కదా, నాగు లేదు కదా, ఇక ఈ మాటలెందుకు అని ఎవరైన అడుగవచ్చును. పేరు మారినది, లెక్క మారలేదు. మా సిద్దిపేట మెట్టనేల. నీటికొరకు అప్పు తెచ్చి బోరు వేసినవాడు, నీరు పడకపోతే రెండవ బోరుకు మరల అప్పు చేసినాడు. భూమి అడుగున ఏమున్నదో తెలియని పందెములో ఓడినది రైతు, వడ్డీ పొందినది మరియొకడు. వారమువారము వసూలు చేసే సూక్ష్మరుణముల బాధ భరింపరానిదైనందున 2010 అక్టోబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. కిస్తీ చిన్నది. కిస్తీనాడు పోయిన కూలి, ఒక అప్పు తీర్చుటకు చేసిన మరియొక అప్పు, గుంపులో పోయిన మాట - ఇవి కిస్తీ పుస్తకములో కనబడవు.

మన సంఘస్థులకు మరియొక ఖర్చు కూడా ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులముల జాబితాలో లెక్కింపబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ అడ్డు తొలగినది. మనవారు వెనుకబడిన తరగతుల సి గుంపులో, నూటికి ఒక్కపాలు రిజర్వేషనులో ఉన్నారు. కూలి మారలేదు, వాడ మారలేదు, ఊరివారి చూపు మారలేదు. విశ్వాసమునకు ఇంత వెల కట్టుట న్యాయమా అని అడుగుట రాజకీయము కాదు. అది రాళ్ళు మోసినవారి మనుమల హక్కు.

ప్రభుత్వమును అడిగిన నోటితోనే మన ఇంటిని కూడా అడుగవలెను. మన పెండ్లిండ్లలో కట్నము, విందు, పందిరి పేరిట ఎంత అప్పు పుట్టుచున్నది? మరణమైన ఇంట భోజనముల భారము ఎవరు మోయుచున్నారు? కానుకల పట్టికను బిగ్గరగా చదివేటప్పుడు, తక్కువ ఇచ్చినవాడు మరుసటి యేడు అప్పు చేసి ఎక్కువ ఇయ్యవలసినట్లు చేయుచున్నామా? ప్రతి పాస్టరేటులో ఇద్దరు చదువుకొన్న యువకులు కూర్చుండి, పేదల అప్పు కాగితములను చదివి, వడ్డీ లెక్క కట్టి చెప్పగలిగితే, అది ఆనాటి ఉపదేశకుని అక్షరమునకు వారసత్వమగును. దీనికి గొప్ప నిధులు అక్కరలేదు. ఒక బల్ల, ఒక కలము, ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట చాలును.

మెదక్ గోపురము కట్టుటకు పదేండ్లు పట్టినది. దానిని కట్టినవారి పత్రములు చట్టము ముందు చెల్లుటకు మరి యాభై ఒక్క యేండ్లు పట్టినవి. ఇప్పటి పత్రములు చెల్లుటకు ఎన్నేండ్లు పట్టవలెనో నిర్ణయించేవారిలో మనము కూడా ఉన్నాము. కరవునాడు అడుగుకొనే చేతికి కూలి ఇచ్చిన ఆ దైవజనుని కొరకు దేవునికి స్తోత్రము చెల్లించుదము. ఆయన కట్టిన మందిరములో మోకాళ్ళూని లేచిన ప్రతివాడు తన పొరుగువాని లెక్క పుస్తకమును ఒక్కసారి చూచే కృపను ప్రభువు మనకు అనుగ్రహించును గాక.